కదలని గాటు

పద్దెనిమిదేళ్లలో యోగానంద్ గారు అలివేలును ఒక్కసారి కూడా ‘నువ్వు’ అనలేదు. ఆమె ఉద్యోగంలో చేరిన రోజున, “అలివేలు గారూ, మీరు ఇక్కడ కూర్చోండి” అని కిటికీ పక్క బల్ల చూపించారు. బాపట్ల నుంచి సిడ్నీకి కొత్తగా వచ్చిన మనిషి, అప్పటికి ముప్పై కూడా నిండలేదు. అంత పెద్దాయన ‘మీరు’ అనడం ఆమెకు గొప్పగానే తోచింది. ఏళ్లు గడిచినా ఆ మాట మారలేదు. పచ్చడి జాడీ మూతికి గుడ్డ కట్టినట్టు ఎప్పుడూ బిగిసే ఉండేది.

తాహెరా వచ్చి ఎనిమిది నెలలైంది. హైదరాబాదు పిల్ల, ముప్పై ఒకటో ముప్పై రెండో ఉంటాయి. వచ్చిన మొదటి వారంలోనే ఆయన ఆ పిల్ల బల్ల దగ్గర ఆగి, “ఏం పాపా, తిన్నావా?” అన్నారు. “లేదంకుల్, మీరు తింటే తింట” అంది ఆ పిల్ల. అలివేలు అప్పుడే పొయ్యి మీంచి దింపినంత వేడి టీ చేతిలో పట్టుకుని ఉంది. చూసుకోకుండా గుక్క వేసి నాలుక కాల్చుకుంది.

అంకుల్! తను పద్దెనిమిదేళ్లుగా ‘సార్’ దగ్గరే ఉండిపోయింది. దాటి రమ్మని ఎవరూ అనలేదు. అడగకుండా దాటడం ఆమెకు చేతకాలేదు.

అది ఒక యూనివర్సిటీలో ఏడుగురు మనుషుల చిన్న బృందం. శుక్రగ్రహం చుట్టూ ఉన్న గాలిలో ఏమేం కలిసి ఉన్నాయో తేల్చడం వాళ్ల పని. ఇది అద్దాల దుర్భిణితో కంటికి చూసే వ్యవహారం కాదు. సిడ్నీకి ఎన్నో గంటల దూరాన, గోధుమ పొలాల మధ్య పెద్దపెద్ద లోహపు గిన్నెలు ఆకాశానికి మొహం పెట్టి ఉంటాయి. మనం అన్నం వేడిచేసుకునే పెట్టెలో ఉండే జాతి తరంగాలనే అవి ఆకాశం నుంచి పడతాయి. పట్టపగలైనా పనిచేస్తాయి. వీళ్లు తమ బల్లల దగ్గర కూర్చునే వాటిని నడిపిస్తారు.

శుక్రుడు నిప్పుల కుంపటి. ఆ వేడికి దాని ఒంట్లోంచి ఈ తరంగాలు నిత్యం బయటికి వస్తూ ఉంటాయి. వచ్చే దారిలో దాని గాలిలోని ఒక్కో వాయువూ తనకు ఇష్టమైన చోట కాస్త కొరుక్కుని మింగేస్తుంది. అందుకని కంప్యూటర్ మీద గీసే గీతలో అక్కడ ఒక గాటు పడుతుంది. ఏ చోట గాటు పడిందో చూసి ఏ వాయువో చెప్పొచ్చు. ఎంత లోతో చూసి ఎంత ఉందో చెప్పొచ్చు.

అయితే గాటు కనిపించగానే సంబరపడకూడదు. మన భూమి గాలి వల్లా పడొచ్చు, ఆ గిన్నెల లోపలి యంత్రం వల్లా పడొచ్చు. అది తేల్చడానికి అలివేలు దగ్గర ఒక పరీక్ష ఉంది. బ్లాక్‌టౌన్ స్టేషన్‌లో ఆగకుండా పోయే రైలు కూత వస్తున్నప్పుడు ఒకలా, దాటిపోయాక ఇంకోలా వినపడుతుంది కదా. శుక్రుడు కూడా అంతే. దగ్గరికొచ్చేటప్పుడు దాని గాట్లు ఒక పక్కకీ, దూరమయ్యేటప్పుడు రెండో పక్కకీ జరుగుతాయి. మన యంత్రం పెట్టిన గాటు మాత్రం జరగదు. “కదిలితే గ్రహానిది, నిలబడితే మనది” అని కొత్తగా వచ్చిన ప్రతివాళ్లకూ ఆమే నేర్పింది. తాహెరాకు కూడా.

యోగానంద్ గారు ఇంకో నెలలో రిటైరై పెర్త్ వెళ్లిపోతున్నారు. పియారా వాటర్స్‌లో కూతురు ఇల్లు కట్టుకుంది, భార్య అప్పుడే అక్కడికి చేరింది. ఆయన తర్వాత బృందాన్ని ఎవరు నడపాలన్నది ఆయన ఒకే ముక్కలో తేల్చేశారు. శుక్రుడు పంతొమ్మిది నెలలకోసారి భూమికి బాగా దగ్గరగా వస్తాడు. ఈసారి వచ్చినప్పుడు గిన్నెలు తమకు ఇమ్మని బృందం ఒక్క దరఖాస్తు పెట్టాలి. ఆ దరఖాస్తు ఎవరి పేరున పోతే పని వాళ్లది.

“నా కుర్చీ కుర్చీ కాదు. ఆ అప్లికేషనే కుర్చీ అనుకోండి” అన్నారాయన.

అలివేలు ఏడాదిగా ఆ దరఖాస్తు రాస్తూనే ఉంది. అది తనకే వస్తుందనుకుంది. ఎవరూ కాదనలేదు కూడా.

గడువు గురువారం సాయంత్రం ఐదింటికి. ఆ వారం సోమవారం ఉదయం తాహెరా కేక పెట్టింది.

“అక్కా! జర ఇటు రారాదూ! నాకు కండ్లు తిరుగుతున్నయ్.”

అలివేలు లేచి వెళ్లింది. కిందటిసారి శుక్రుడు దగ్గరికొచ్చినప్పుడు యోగానంద్ గారు వరుసగా రెండు రోజులు చూసి దాచిపెట్టిన డేటా అది. దాన్ని శుభ్రం చేయమని ఆయన తాహెరాకు ఇచ్చారు, అలివేలుకు ఇవ్వలేదు. తెర మీద సన్నటి గీత, ఆ గీతలో పిల్లి గోటితో గీరినట్టు ఒక గాటు.

“సల్ఫర్ డయాక్సైడ్ ఉండే జాగలనే ఉన్నది. రెండు దినాలల్ల కూడా కనబడ్డది. మామూలుకన్న పదింతలున్నదక్కా!”

గంధకం పొగ పదింతలు పెరిగిందంటే కింద ఏదో పేలి పైకి వచ్చి ఉండాలి. అగ్నిపర్వతం కావచ్చు. అలాంటి గాటు కోసం మనుషులు జీవితాలు ఖర్చుపెట్టేస్తారు.

యోగానంద్ గారు వచ్చి, నెత్తి మీది కళ్లజోడు కిందికి దించుకుని చూశారు. చాలాసేపు చూశారు. “ఇది నిజమైతే నీ పంట పండినట్టే పాపా” అన్నారు.

“అమ్మీకి ఫోన్ జేసి చెప్పిన అంకుల్. ‘శుక్రుల పొగ వస్తే నీకేమొస్తది బేటా, ముందు పెండ్లి సంగతి జూడు’ అన్నది.”

ఆయన పగలబడి నవ్వారు. అలివేలు కూడా నవ్వింది. పెదాలతో నవ్వింది.

“బాగుందమ్మా. కానీ జాగ్రత్తగా చూసుకోవాలి. రెండు రోజులే కదా, అదీ పక్కపక్క రోజులు. బాగా దగ్గరున్న ఆ రోజుల్లో శుక్రుడు ఇటు రాకుండా, అటు పోకుండా దాదాపు నిలకడగా ఉంటాడు. గాటు కదిలిందో లేదో తెలీదు” అంది.

మాటలన్నీ సరైనవే. గొంతు ఒక్కటే సరైనది కాదు. అది ఆమెకు తెలిసింది.

“అది నిజమే” అన్నారు యోగానంద్ గారు. “అయినా ఇంత గట్టిది దొరికినాక దీన్నే ముందుకు పంపాల. పాప పేరు మీద పంపిద్దామనుకుంటున్నా. మీరేమంటారు అలివేలు గారూ?”

“మీ ఇష్టం సార్.”

ఆ మూడు ముక్కలూ అనేసి తన బల్ల దగ్గరికొచ్చి కూర్చుంది. ఏడాది పాటు రాసిన దరఖాస్తు కంప్యూటర్‌లో తెరిచే ఉంది. అందులో అక్షరాలు కనపడుతున్నాయి కానీ చదవబుద్ధి కాలేదు. తనకంటే పదిహేనేళ్లు చిన్నది. ఎనిమిది నెలల క్రితం ఈ పిల్లకు గీత గీయడం రాదు. ఆయన దాచుకున్న డేటా, ఆయన అంకుల్, ఆయన పాప. ఆయన వెళ్లిపోతూ వెళ్లిపోతూ చివరిగా ఒకరి వైపు తిరిగి చూస్తే, ఆ ఒకరు తను కాదు.

వెళ్లిపోయేవాళ్ల విషయంలో అలివేలుది పాత గాయం. ఆ గదిలో ఆమె పద్దెనిమిదేళ్లలో పధ్నాలుగు మందికి వీడ్కోలు కేక్ కోసింది. వెళ్లినవాళ్లెవరూ మళ్లీ కబురు పెట్టలేదు. ఈయన మాత్రం అలా పోడని ఎందుకో నమ్మింది.

మర్నాడు ఇంటి నుంచే పనిచేస్తానని చెప్పింది. మధ్యాహ్నం భోజనాల బల్ల మీద గిన్నెలు పక్కకు నెట్టి లాప్‌టాప్ పెట్టుకుంది. అప్పటికి ఆమె మనసులో ఒక ఆలోచన పురుగులా తొలుస్తోంది. యోగానంద్ గారు చూసిన ఐదు వారాలకు ఆమె కూడా శుక్రుణ్ణి చూసింది. వేరే వాయువు కోసం చూసింది. అయినా గంధకం ఉండే చోటు కూడా ఆ డేటాలో ఒక అంచున పడింది. అప్పటికి శుక్రుడు వేగంగా దూరమైపోతున్నాడు. ఎప్పుడూ అంతే, దగ్గరున్నప్పుడు గిన్నెలు పెద్దవాళ్లకు ఇచ్చి, దూరమయ్యేటప్పుడు ఆమెకిచ్చేవాళ్లు. కానీ ఈ పరీక్షకు ఆ దూరమే కావాలి. గాటు నిజంగా శుక్రుడిదైతే, ఆమె డేటాలో ఇంకో చోట ఉండాలి. ఉన్నచోటే ఉంటే యంత్రానిది.

ఫైలు తెరిచింది. గీత గీసింది. దాని మీద తాహెరా గీతను పెట్టింది.

రెండు గాట్లూ ఒకదాని మీద ఒకటి అచ్చు దిగినట్టు కూర్చున్నాయి. వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

అలివేలు కుర్చీలో వెనక్కి వాలింది. పొద్దున్నుంచి ఛాతీ మీద కూర్చున్న బరువును ఎవరో ఎత్తి అవతల పెట్టినట్టయింది.

కూతురు నీలిమ బడి నుంచి వచ్చి ఫ్రిజ్ తెరుస్తూ తల్లిని చూసింది. “అమ్మా, వై ఆర్ యూ స్మైలింగ్ ఎట్ ఎ గ్రాఫ్?”

“ఏం లేదే. ఒక తప్పు దొరికింది.”

“యువర్స్?”

“నాదెందుకవుతుంది!”

సాయంత్రం భర్త చలపతి వచ్చాక కూడా ఆ నవ్వు పూర్తిగా పోలేదు. ఆయన బూట్లు విప్పుతూ సంగతి విన్నాడు. “పాపం ఆ అమ్మాయి. విడిగా పిలిచి చెప్పు, మీటింగులో చెప్పకు” అన్నాడు.

“సైన్సులో విడిగా ఏంటండీ? నలుగురిలో అంది, నలుగురిలోనే తేలాలి.”

“సరే. నీకు తెలియనిదేముంది” అన్నాడు చలపతి. ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందేమోనని ఆమె కాసేపు వెతికింది.

బుధవారం మీటింగులో గోడ మీది పెద్ద తెర మీద రెండు గాట్లూ వేసి చూపించింది. గదిలో మిగిలిన నలుగురికీ తెలుగు రాదు కనుక ఇంగ్లీషులోనే చెప్పింది. నెమ్మదిగా, మర్యాదగా చెప్పింది. ఐదు వారాల తేడా ఉన్నా గాటు ఉన్నచోటే ఉంది కనుక ఇది శుక్రుడిది కాదు, మన యంత్రానిది. తాహెరా తప్పేం లేదు, ఎవరైనా మోసపోయేవాళ్లే. ఆఖరి వాక్యాన్ని ఆ ఉదయం రైల్లో కూర్చుని అనుకున్నట్టే అప్పజెప్పింది.

తాహెరా చెవులు ఎర్రబడ్డాయి. “అవునక్కా. నేనే చూసుకోలే. సారీ అంకుల్” అంది. రెండు రోజులుగా రాస్తున్న తన దరఖాస్తును ఆ మధ్యాహ్నమే పక్కన పెట్టేసింది.

యోగానంద్ గారు నిట్టూర్చారు. “అయితే మీదే పంపుదాం అలివేలు గారూ.”

అలివేలు ఆ రాత్రి బాగా నిద్రపోయింది. అది ఆమెకు తర్వాత ఎప్పటికీ గుర్తుండిపోయింది.

గురువారం మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు తాహెరా వీపున సంచీ తగిలించుకుని అలివేలు బల్ల దగ్గరికొచ్చింది.

“అక్కా, నేను మెల్బోర్న్ పోతున్న. మా హస్సాన్ అన్న ఆడ ట్రుగనీనాల ఉంటడు గద, ఆయన కాడికి. ఆరింటికి ఫ్లైట్.”

“ఎన్ని రోజులు?”

“సోమవారానికి వస్త. కాంట్రాక్ట్ ఏప్రిల్ దాకనే గదా, ఆడ ఏమన్న ఉద్యోగం దొరుకుతదేమో అడుగుదామని.” సంచీ పట్టీ లాక్కుంటూ నిలబడింది. “అక్కా, ఒకటి అడగనా? మీరెట్ల దొరకవట్టిన్రో ఆ ఫైల్ నాకు పంపుతరా? విమానంల కూసొని నేను కూడ చేసి చూస్త. మళ్ల గిట్ల తప్పు చెయ్యొద్దు గదా.”

ఆ పిల్ల కళ్లలో కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది అలివేలుకు.

“పంపిస్తాలే. వెళ్లిరా.”

పిల్ల వెళ్లాక ఫైలు పంపబోయింది. ఊరూ పేరూ రాయకుండా డేటా ఎవరికీ ఇవ్వకూడదని అలివేలు నియమం. ఎప్పుడు చూశారు, ఎంతసేపు చూశారు, గ్రహం వేగం లెక్కలో ఉందా తీసేశారా, ఇవన్నీ రాసి ఇవ్వాలి. రాయని పిల్లల్ని నలుగురిలో నిలేసేది. రాద్దామని ఫైలు మొదట్లో ఆ వివరాలుండే భాగం తెరిచింది.

గ్రహం వేగం తీసేసినది, అని ఉంది.

ఆమె దాన్ని మళ్లీ చదివింది.

డేటా వచ్చిన ప్రతిసారీ ఆమె కంప్యూటర్ రెండు ఫైళ్లు చేస్తుంది. ఒకటి వచ్చింది వచ్చినట్టు. రెండోది గ్రహం వేగాన్ని తీసేసి, గాట్లను వాటి అసలు చోటికి జరిపిపెట్టినది. రెండోదాంట్లో గ్రహం గాటు కదలనే కదలదు, కదలకుండా ఉండేలా చేసిందే తను! మంగళవారం భోజనాల బల్ల దగ్గర, ఏడాదిగా రోజూ తెరిచే అలవాటున, ఆ రెండోదాన్నే తెరిచింది. అందులో గాటు నిలబడి ఉందంటే అది శుక్రుడిదని సాక్ష్యం. ఆమె దాన్నే తెర మీద వేసి శుక్రుడిది కాదని చెప్పింది.

వేరే ఎవరైనా తెచ్చి ఉంటే మొదటి ప్రశ్న అదే అడిగేది: వేగం తీశావా, ఉంచావా? ఆ రోజు తనను తాను అడగలేదు. కావలసిన జవాబు కళ్లముందుకు వచ్చేసింది మరి.

మొదటి ఫైలు తెరిచి గీసింది. గాటు అక్కడ లేదు. ఎంత జరగాలో సరిగ్గా అంత పక్కకు జరిగి, బుద్ధిగా కూర్చుని ఉంది. దాదాపు ఏడాదిగా తన కంప్యూటర్‌లోనే ఉంది. తను ఇంకో వాయువు కోసం వెతుకుతూ దాని పక్కనుంచి వెళ్లిపోతూ ఉంది.

గడియారం రెండూ ఇరవై చూపిస్తోంది.

చెప్పకపోతే ఎవరికీ తెలీదు. తాహెరా నమ్మేసింది. యోగానంద్ గారు పెర్త్ వెళ్లిపోతారు. ఫైలు పంపడం మరిచిపోయానంటే సరిపోతుంది. ఆ ఆలోచన వెనకే ఇంకోటి వచ్చింది. ఇది మొదటిదానికన్నా చల్లనిది. దరఖాస్తు ఎలాగూ తనది. బలమైన సాక్ష్యం కూడా తన డేటాలోదే. మళ్లీ పరిశీలించగా నిజమని తేలిందని తన పేరునే రాసుకుంటే? అబద్ధం ఒక్క ముక్క కూడా ఉండదు.

రెండు వాక్యాలు రాసింది కూడా. చక్కగా వచ్చాయి.

అప్పుడే యోగానంద్ గారు తలుపు దగ్గర నిలబడి, “అయ్యిందా అండీ? ఐదు దాకా లాగొద్దండి, మూడున్నరకే పంపేయండి” అన్నారు.

“సార్, మీరు నిన్న నా గీత చూశాక, మళ్లీ తెరిచి చూసుకున్నారా?”

ఆయనకు ఆ ప్రశ్న వింతగా తోచింది. “మీదా? మీది నేనెందుకు చూస్తా? పద్దెనిమిదేళ్లుగా మీరు ఇచ్చినేది ఏదీ నేను తిరిగి చూడలేదు. ఆ పాపది మాత్రం ప్రతిదీ చూస్తా. ఇంకా చిన్నపిల్ల కదా” అని వెళ్లిపోయారు.

అలివేలు ఆ రెండు వాక్యాల వైపు చూస్తూ కూర్చుంది. ఇన్నాళ్లూ ఆ పిల్ల పళ్లెంలో పడుతున్న ముద్దలు లెక్కపెడుతూ, తన పళ్లెం వైపు చూసుకోలేదు. ఆయన తన దగ్గర కళ్లు మూసుకుని చెయ్యి చాపేవారు. ఆ చేతిలో ఇప్పుడు తను ఏం పెట్టబోతోంది?

అయినా వెంటనే లేవలేదు. మంచి బుద్ధి పుట్టిందని చెప్పడానికి లేదు, భయమే ఎక్కువ. పది నిమిషాలు అలాగే కూర్చుని, వాక్యాలు చెరిపేసి, ఫోన్ తీసింది.

తాహెరా రైల్లో ఉంది. చప్పుడు వినపడుతోంది. “చెప్పున్రక్కా. పంపిన్రా?”

“తాహెరా, నీ గాటు నిజమే. నాదే తప్పు. వేగం తీసేసిన ఫైలు పెట్టి చూపించాను. అసలు ఫైల్లో కదిలింది. సరిగ్గా ఎంత కదలాలో అంత కదిలింది. నీ అప్లికేషన్ నువ్వే పంపాలి. ఇంకా రెండు గంటలుంది.”

“మీరా?” అంది తాహెరా. “నాకు నేర్పిందే మీరు గదక్కా. ఆ ఫైల్ ఏందో చూస్కోలేదా, చూడబుద్ధి గాలేదా?”

పొరపాటు జరిగిందని అనేయొచ్చు. నోటి దాకా వచ్చింది.

“చూడబుద్ధి కాలేదు” అంది అలివేలు.

“ఎందుకు?”

“నీకు దొరికిందని.”

ఈసారి వచ్చిన గొంతు వేరే మనిషిది.

“నేను నిన్నటి సంది అన్నం తినలే. ఈ పనికి పనికిరానని అమ్మీకి చెప్పిన. సామాను సర్దుకున్న. ఆ రెండు ఫైళ్లు ఇప్పుడే పంపున్రి. అప్లికేషన్ల మీ పేరు పెట్టను. డేటా మీదని రాస్త, అది నిజం గాబట్టి. ఇంకోటి. అందరి ముంగట అన్నరు గద, అందరి ముంగటనే చెప్పున్రి. సోమవారం. నేనొచ్చినంక.”

“చెప్తాను.”

“నాకు చెప్పినట్టే చెప్పున్రి. సాఫ్ట్‌వేర్ మీదికి తొయ్యకున్రి” అని పెట్టేసింది.

ఫైళ్లు పంపాక అలివేలు యోగానంద్ గారి గదికి వెళ్లి నిలబడే అంతా చెప్పింది. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. తిట్టలేదు. “ఆ పిల్లకు చెప్పినారా?” అని మాత్రం అడిగారు.

“చెప్పాను సార్.”

“మంచిది. ఆ ఫైళ్లు నాకు కూడా ఇవ్వండి.”

“పంపుతాను సార్.”

“కిందటి ఏడాదివి కూడా ఇవ్వండి. అన్నీ. ఒకసారి చూస్తా.”

ఆమె తల ఊపి బయటికి వచ్చింది. తన బల్ల దగ్గరికొచ్చి, ఏడాది ఫైళ్లన్నీ ఒక్కొక్కటిగా ఆయనకు పంపింది.

ఐదింటికి ఎనిమిది నిమిషాల ముందు, విమానాశ్రయంలో కూర్చుని, తాహెరా దరఖాస్తు పంపింది. అలివేలు ఏడాది పాటు రాసింది పంపకుండానే ఉండిపోయింది.

శని, ఆదివారాలు ఇంట్లో ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. చలపతి అడగలేదు కానీ, ఆదివారం తనే పెసరట్లు వేసి పళ్లెం తెచ్చి ముందు పెట్టాడు. ఆమె ఒక కాగితం మీద నాలుగు వాక్యాలు రాసుకుంది. చూసుకుంటే ప్రతి వాక్యంలోనూ తప్పు దానంతటదే జరిగిపోయినట్టు ఉంది. నాలుగుసార్లు తిరగరాసింది. అయిదోసారి కాగితం చింపేసింది.

సోమవారం గదిలో ఏడుగురూ ఉన్నారు. తాహెరా తలుపు పక్క కుర్చీలో, ఒళ్లో పుస్తకం పెట్టుకుని కూర్చుంది. అలివేలు వైపు చూడలేదు. అలివేలు తెర మీద రెండు ఫైళ్ల గీతలూ వేసింది. ఏది ఏదో పైన పెద్ద అక్షరాలతో రాసింది. ఏం చేసిందో చెప్పింది. తర్వాత, ఎవరూ అడక్కుండానే, ఎందుకు చేసిందో కూడా చెప్పింది. తాహెరాకు ఇది దొరకడం తనకు నచ్చలేదని, అందుకే తప్పని తేలాలని కోరుకుని చూశానని, కోరుకున్నది కనపడగానే ఆగిపోయానని. ఇంగ్లీషులో ఆ మాటలు ఇంకా నగ్నంగా ఉన్నాయి. ఒకాయన తన బూట్ల వైపు చూసుకున్నాడు. యోగానంద్ గారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

ఎవరూ ఫరవాలేదనలేదు. ఆమె కూర్చోబోయింది.

“ఒక్క నిమిషం” అంది తాహెరా. పుస్తకంలో ఏదో గీసుకుంటూ ఉంది. ఇంగ్లీషులో మొదలుపెట్టి, తెర దగ్గరికి వచ్చేసరికి తెలుగులోకి జారిపోయింది. “అక్కా, మీ గాటు నా గాటుకన్న సన్నగ ఉన్నది చూసిన్రా? కింద గాలి చిక్కగ ఉంటది, ఆడ గాటు వెడల్పు పడ్తది. పైన పల్చగ ఉంటది, సన్నగ పడ్తది. అంటే ఐదు వారాలల్ల ఆ పొగ పైకి పోయిందా?”

అలివేలు తెర వైపు తిరిగింది. నిజమే, సన్నగా ఉంది. గురువారం నుంచి వందసార్లు చూసింది. కదిలిందా లేదా అన్నదే చూసింది తప్ప వెడల్పు వైపు కన్ను పోలేదు. ఎంత మంచి ప్రశ్న! ఇంత మంచి ప్రశ్న ఈ పిల్లకు తట్టి తనకు తట్టనందుకు, అంతమంది ఎదుట తలవంచుకుని నిలబడి ఉన్న ఆ క్షణంలో కూడా, కడుపులో భగ్గుమంది.

“అప్పుడే చెప్పలేం” అంది. “నా డేటాలో ఆ చోటు అంచున పడింది, అంచున వెడల్పు కొంచెం తగ్గి కనపడుతుంది. ముందు దాన్ని సరిచెయ్యాలి. ఎంత తగ్గుతుందో నా దగ్గర కొలిచి పెట్టి ఉంది. నీకిస్తాను.”

“ఎప్పుడిస్తరు?”

“ఇప్పుడే” అని అలివేలు లాప్‌టాప్ ఆ పిల్ల వైపు తిప్పింది.